వి.బి.ఎస్.లో పిల్లల జట్లు: వయసు వారీగానా, అన్ని వయసులూ కలిపా?

(సెలవుల బైబిలు పాఠశాల, అంటే వి.బి.ఎస్., ఉపాధ్యాయుల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, ఉపాధ్యాయులారా, మీ అందరికీ వందనాలు.

ఈ పూట నాకు ఇచ్చిన అంశం చూడడానికి చిన్నదే. వి.బి.ఎస్.కు వచ్చిన పిల్లలను వయసును బట్టి తరగతులుగా విడదీయాలా, లేక అన్ని వయసులవారినీ కలిపి జట్లు చేయాలా? చాలా సంఘాలలో ఈ ప్రశ్నకు జవాబు మొదటి రోజు ఉదయం, పేర్లు నమోదు చేసే బల్ల దగ్గర, పిల్లలు వరుసలో నిలబడి ఉండగా దొరుకుతుంది. పాఠాలకూ పాటలకూ అలంకరణకూ వారాల తరబడి సిద్ధపడతాము, కానీ ఏ బిడ్డ ఎవరి పక్కన కూర్చుంటుందనే సంగతిని మాత్రం ఆ పూటకు వదిలేస్తాము. ఒక్కసారి ఆలోచించండి. మధ్యాహ్నం ఇంటికి వెళ్లిన పిల్లలు మొదట చెప్పేది ఏమిటి? మనం చెప్పిన మూడు ముఖ్యాంశాలా? కాదు. నా పక్కన ఫలానా అక్క కూర్చుంది, ఫలానా అన్న నా కాగితం చింపాడు, నాకు ఎవరూ చోటు ఇవ్వలేదు. వాళ్లు చెప్పేది ఇదే. అంటే జట్టు కూడా ఒక పాఠమే, మన పాఠం మొదలుకాకముందే అది మొదలవుతుంది.

నా అభిప్రాయం ముందే చెబుతాను, ఆ తర్వాత కారణాలు వివరిస్తాను. అర్థం చేసుకోవలసిన పని ఉన్నచోట పిల్లలను వయసును బట్టి విడదీయండి. కలిసి మెలగవలసిన పని ఉన్నచోట వయసులను కలపండి. రోజంతటికీ ఒకే ఏర్పాటు పెట్టుకోవడం మనకు సులభం, కానీ పిల్లలకు మేలు కాదు.

వయసు వారీ తరగతులు లేని బోధన బోధనే కాదని అనుకునేవారు మనలో ఉన్నారు. వారి కోసం కొంచెం చరిత్ర చెప్పాలి. రాబర్ట్ రైక్స్ 1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్‌లో సండే స్కూలు మొదలుపెట్టినప్పుడు అందులోకి వచ్చినవారు పనులకు వెళ్లే పేదపిల్లలు. వి.బి.ఎస్. ఆరంభం కూడా ఇటువంటిదే. 1894లో అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని హోప్‌డేల్ అనే ఊరిలో మైల్స్ అనే ఉపాధ్యాయురాలు వేసవిలో రోజువారీ బైబిలు బడి నడిపారు. 1898లో న్యూయార్క్ తూర్పు భాగంలో ఎలైజా హాస్ అనే ఆవిడ వీధుల్లో తిరిగే పిల్లల కోసం ఒక బీరు దుకాణాన్ని అద్దెకు తీసుకుని, అక్కడే ప్రతిదిన బైబిలు పాఠశాల పెట్టారు. రాబర్ట్ బోవిల్ అనే బాప్టిస్టు నాయకుడు 1901 నుంచి ఆ పనిని ఇతర సంఘాలకు విస్తరింపజేశారు. స్టాండర్డ్ పబ్లిషింగ్ అనే ప్రచురణ సంస్థ 1923లో వి.బి.ఎస్. కోసం పూర్తి పాఠ్యక్రమం తయారుచేసింది, దానిని కిండర్‌గార్టెన్ నుంచి హైస్కూలు దాకా తరగతుల వారీగా విభజించింది 1948లో. బిగినర్స్, ప్రైమరీ, జూనియర్ అంటూ మన చేతికి వచ్చే పుస్తకాల విభజన పిల్లల ఆత్మలను చూసి గీసిన గీత కాదు. అది బడుల నుంచి మన దగ్గరకు వచ్చిన పద్ధతి. ఆ మాటకొస్తే బడులలో కూడా అది ఎప్పటినుంచో ఉన్నది కాదు. అమెరికాలో వయసు వారీ తరగతి గదులతో కట్టిన బడికి తొలి ఉదాహరణగా చెప్పుకునే బోస్టన్‌లోని క్విన్సీ పాఠశాల 1847 నాటిది. మంచి పద్ధతే, కాదనను. కానీ దానిని ఆజ్ఞగా పట్టుకోనక్కరలేదు.

మరి లేఖనం ఏమంటుంది? ద్వితీయోపదేశకాండము 31వ అధ్యాయం 12వ వచనం చూడండి. పురుషులను, స్త్రీలను, పిల్లలను, పురములలో ఉన్న పరదేశులను కూడా సమకూర్చి, వారు విని నేర్చుకొనునట్లు ధర్మశాస్త్రాన్ని చదివి వినిపించమని మోషే చెబుతాడు. అక్కడ విభజన లేదు. పసివాళ్లు కూడా ఆ సమాజంలో ఉన్నారు. ఇప్పుడు నెహెమ్యా గ్రంథం 8వ అధ్యాయం తెరవండి. ఎజ్రా ధర్మశాస్త్రాన్ని తెచ్చినది స్త్రీ పురుషుల ఎదుటికి, విని గ్రహింపగలిగిన వారందరి ఎదుటికి. ఆ తర్వాత లేవీయులు ఏం చేశారు? జనులు తమ తమ చోట్ల నిలిచి ఉండగా చదివినదానికి అర్థం చెప్పారు, జనులు గ్రహించేలా చేశారు. చూశారా, సమకూర్చడం ఒక పని, గ్రహింపజేయడం మరొక పని. ఒక చోట పిల్లలతో సహా అందరూ ఉన్నారు, మరొక చోట గ్రహింపు అనే కొలత ఉంది. ఈ రెండు పనులకూ మన రోజులో వేర్వేరు గంటలు ఉండాలని నేను అడుగుతున్నాను.

ముందుగా గ్రహింపు సంగతి మాట్లాడుకుందాము, ఎందుకంటే ఇక్కడ వయసు నిజంగా లెక్కలోకి వస్తుంది.

యోనా కథ తీసుకోండి. అందరికీ తెలిసిన కథ, ప్రతి వి.బి.ఎస్.లో ఎక్కడో ఒకచోట వచ్చే కథ. నాలుగేళ్ల పాపకు ఆ కథలో ఏముంది? యోనాను మింగిన పెద్ద చేప ఉంది, చీకటి ఉంది, అలలు ఉన్నాయి. లోపల చీకటిగా ఉంటుందా, యోనాకు భయం వేసిందా, అమ్మ రాలేదా అని అడుగుతుంది. ఆ పాపకు కావలసిన జవాబు ఒక్కటే: అక్కడ కూడా దేవుడు యోనా మాట విన్నాడు. అంతకుమించి చెప్పనవసరం లేదు. ఎనిమిదేళ్ల పిల్లవాడికి వరుస కావాలి, న్యాయం కావాలి. దేవుడు నీనెవెకు వెళ్లమంటే తర్షీషుకు పోయే ఓడ ఎందుకెక్కాడు? తప్పు యోనాదైతే ఓడలోని మిగతావాళ్లకు ఆ తుపాను ఎందుకు? మంచి ప్రశ్నలు ఇవి, వాటికి సమయం ఇవ్వాలి. ఇక పన్నెండేళ్ల వాళ్ల దగ్గరకు రండి. వాళ్లు చేప కథ చాలాసార్లు విన్నారు. వాళ్లకు నాలుగో అధ్యాయం కావాలి, మనలో చాలామంది పిల్లలకు చెప్పకుండా వదిలేసే అధ్యాయం. నీనెవె మారుమనస్సు పొందితే, దేవుడు క్షమిస్తే, ప్రవక్తకు కోపం ఎందుకు వచ్చింది? నన్ను బడిలో బాధపెట్టిన వాడిని దేవుడు ప్రేమిస్తున్నాడంటే నాకు ఎందుకు మింగుడుపడదు? ఆ వయసు పిల్లలు ఈ ప్రశ్నతోనే బతుకుతున్నారు, కానీ ఎవరూ వాళ్లను ఆ ప్రశ్న దగ్గరకు తీసుకెళ్లడం లేదు.

ఈ ముగ్గురినీ ఒకే గదిలో కూర్చోబెట్టి ఒకే కథ ఒకే విధంగా చెబితే ఏమవుతుంది? ఎంత సమర్థులైన ఉపాధ్యాయులైనా మధ్య వయసును చూసి మాట్లాడతారు. ఐదు నిమిషాలకు చిన్నపాప లేచి తిరగడం మొదలుపెడుతుంది. పన్నెండేళ్ల పిల్లవాడు మొదటి నిమిషంలోనే, ఇది నాకు తెలిసిన కథ, ఇది చిన్నపిల్లల కథ అని లోపల ఒక తీర్మానం చేసుకుంటాడు. మొదటిది మనకు కనిపిస్తుంది కాబట్టి చిన్నపాపను కూర్చోబెట్టడానికి ఒక వాలంటీరును పంపిస్తాము. రెండవది కనిపించదు. ఆ తీర్మానం చేసుకున్న పిల్లవాడు మౌనంగా, మర్యాదగా కూర్చుని ఉంటాడు.

మరో సంగతి, ఇది చాలా జాగ్రత్తగా వినండి. చిన్నపిల్లలు మన మాటలను ఉన్నవి ఉన్నట్టుగా వింటారు. యేసును నీ హృదయంలోకి పిలువు అంటే, పెద్ద మనిషి నా లోపలికి ఎలా పడతాడని నాలుగేళ్ల బిడ్డ నిజంగా ఆలోచిస్తుంది. అబ్రాహాము ఇస్సాకును బలిపీఠం మీద పెట్టిన సంగతిని పెద్దపిల్లలకు చెప్పే తీరున చెబితే, మా నాన్న కూడా అలా చేస్తాడా అనే భయంతో ఇంటికి వెళ్తుంది. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశీలించిన జీన్ పియాజే సుమారు 7 ఏళ్ల దగ్గర ఒక మలుపును, 11 ఏళ్ల దగ్గర మరో మలుపును గుర్తించాడు. కళ్లకు కనిపించనిదాన్ని, అలంకారంగా చెప్పినదాన్ని పట్టుకునే శక్తి ఆ రెండో మలుపు దగ్గర బలపడుతుంది. ఆ వయసులు గీత గీసినట్టు అందరికీ ఒకేలా ఉండవని తర్వాతి పండితులు చెప్పారు, మన అనుభవం కూడా అదే చెబుతుంది. అయినా బలి, రక్తం, శిక్ష, నరకం వంటి మాటలను వయసు చూడకుండా పలికే స్వేచ్ఛ మనకు లేదు. అందుకే కథ చెప్పే ఆ ఇరవై, ముప్పై నిమిషాలు వయసు వారీగానే ఉండాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇప్పుడు రెండో వైపుకు వస్తాను. నిజానికి ఈ వైపే నాకు ఎక్కువ భారం ఉంది.

పిల్లలు సంవత్సరమంతా తమ వయసువారితోనే ఉంటున్నారు. బడిలో అదే తరగతి, ట్యూషన్‌లో అదే తరగతి, ఆటలో కూడా చాలాచోట్ల అదే. ఇంట్లో ఒక్కరే బిడ్డ అయితే, తనకంటే చిన్నవారి చెయ్యి పట్టుకుని నడిపించే అవకాశం, తనకంటే పెద్దవారిని దగ్గర నుంచి చూసి నేర్చుకునే అవకాశం ఆ బిడ్డకు ఎక్కడ దొరుకుతుంది? సంఘంలో దొరకాలి. తాత వయసువారూ చంటిబిడ్డలూ ఒకే కప్పు కింద కూడుకునే చోటు సంఘమే కదా. అటువంటి సంఘం కూడా పిల్లలను మళ్లీ అవే తరగతులుగా కోసి, రోజంతా వేర్వేరు గదుల్లో ఉంచితే, బడికి లేనిది మనం ఇచ్చేది ఏమిటి?

కలగలుపు జట్టులో ఏం జరుగుతుందో చూడండి. కంఠత వాక్యం నేర్పే సమయం అనుకుందాము. ఆరేళ్ల పాపకు వాక్యం సగం దగ్గర ఆగిపోతుంది. పక్కన ఉన్న పదేళ్ల పిల్లవాడు చేతులతో అభినయం చేసి తర్వాతి మాట గుర్తుచేస్తాడు. పాప నేర్చుకుంది, సరే. కానీ ఆ పిల్లవాడు? అభినయం కల్పించాలంటే ఆ మాటకు అర్థం తెలియాలి. అప్పటిదాకా గడగడా అప్పజెప్పిన వాక్యాన్ని అతడు మొదటిసారిగా అర్థంతో చూశాడు. ఒంటరిగా చేయలేని పనిని బిడ్డ తనకంటే కొంచెం ముందున్నవారి తోడుతో చేయగలుగుతుందని రష్యాకు చెందిన మనస్తత్వవేత్త లెవ్ వైగోట్‌స్కీ చెప్పాడు. విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో మొదలుపెట్టిన బాలల గృహం నుంచి వచ్చిన పద్ధతిలో నేటికీ 3 నుంచి 6, 6 నుంచి 9, 9 నుంచి 12 ఏళ్ల పిల్లలను ఒక్కో గదిలో కలిపి ఉంచుతారు. వారు దీనిని ఇబ్బంది కొద్దీ చేయడం లేదు, అదే మేలని నమ్మి చేస్తున్నారు.

సరిగ్గా చదవలేని పిల్లల సంగతి కూడా చెప్పాలి. పదేళ్లు వచ్చినా కూడబలుక్కుని చదివే బిడ్డ ప్రతి సంఘంలో ఉంటుంది. జూనియర్ తరగతిలో వరుసగా ఒక్కో వచనం చదవమన్నప్పుడు తన వంతు ఎప్పుడు వస్తుందో లెక్కపెట్టుకుంటూ కూర్చుంటుంది. వాక్యం ఆ బిడ్డ చెవికి చేరదు, సిగ్గు మాత్రమే చేరుతుంది. అదే బిడ్డను కలగలుపు జట్టులో పెట్టి ఇద్దరు చిన్నపిల్లలకు పాట నేర్పమనండి. ఆ బిడ్డ ముఖం చూడండి అప్పుడు. సంఘానికి కొత్తగా వచ్చిన పిల్లలకు కూడా ఇదే మేలు. బైబిలు కథలేవీ తెలియని పదకొండేళ్ల అమ్మాయి, సంఘంలో పుట్టి పెరిగిన పదకొండేళ్ల పిల్లల మధ్య ప్రతి ప్రశ్నకూ మౌనంగా ఉండిపోవాలి. అన్ని వయసులవారూ ఉన్నచోట, తెలియకపోవడం ఎవరికీ వింతగా అనిపించదు. ఎందుకంటే అక్కడ అందరికీ అన్నీ తెలియవు.

అన్నాచెల్లెళ్లు, అక్కాతమ్ముళ్లు కలిసి వచ్చినప్పుడు మొదటి రోజు దయచేసి విడదీయకండి. నిర్గమకాండము రెండో అధ్యాయంలో పసివాడైన మోషేకు ఏమవుతుందోనని అతని అక్క దూరాన నిలిచి చూసింది కదా. అటువంటి అక్కలు మన దగ్గరకూ వస్తారు. తమ్ముడు కుదురుకున్నాడని చూసుకున్న తర్వాత ఆ అమ్మాయి తానే తన వయసువారి దగ్గరకు వెళ్తుంది. అప్పటిదాకా ఆగండి.

అయితే కలిపితే చాలు, అంతా మంచే జరుగుతుందని నేను అనడం లేదు. పెద్దపిల్లలు జవాబులన్నీ తామే చెప్పేస్తారు. చిన్నవాడు రంగు వేస్తుంటే ఆలస్యమవుతోందని చేతిలోంచి లాక్కుని తామే పూర్తిచేస్తారు. కాబట్టి జట్టులో ఒక నియమం పెట్టండి: ముందు చిన్నవారు మాట్లాడాలి, పెద్దవారు ఆ తర్వాత. చిన్నవారి చేతిపనిని పెద్దవారు చూపించవచ్చు, చేసిపెట్టకూడదు. జట్టుకు ఎనిమిది మంది, పది మంది దాటకుండా చూసుకోండి. ఆరేళ్ల నుంచి పదకొండేళ్ల దాకా కలపడం బాగా నడుస్తుంది. ఐదేళ్లలోపు పిల్లలను మాత్రం కలపవద్దు. వాళ్లకు వేరే గది, వేరే వేగం, ఎక్కువమంది పెద్దలు కావాలి. పాటల సమయానికి వచ్చి కలిసి, మళ్లీ వెళ్లిపోతే చాలు.

ఇక పన్నెండు, పదమూడేళ్ల పిల్లలు. వీరి దగ్గర నేను కాసేపు ఆగుతాను, ఎందుకంటే మన రెండు ఏర్పాట్లలోనూ నష్టపోయేది వీరే. వయసు వారీగా విడదీస్తే చివరి గదిలో ముగ్గురో నలుగురో మిగులుతారు, వారికి ఎవరినో ఒకరిని చివరి నిమిషంలో పంపిస్తాము. వయసులు కలిపితే వారిని వెంటనే సహాయకులను చేసేస్తాము. కుర్చీలు వేయించి, నీళ్లు పోయించి, చిన్నవాళ్లను పట్టుకోమంటాము. బాధ్యత ఇవ్వడం మంచిదే, నేను దానిని ఎంతో కోరుకుంటాను. కానీ వారం చివరకు ఆ బిడ్డ తన కోసం ఒక్క వాక్యమైనా విన్నదా? తన సందేహం ఒక్కటైనా ఎవరినైనా అడిగిందా? యేసు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని వారి మాటలు వింటూ, వారిని ప్రశ్నిస్తూ కనిపించింది పన్నెండేళ్ల వయసులోనే అని లూకా రాశాడు. ఆ వయసు వినే వయసు, ప్రశ్నించే వయసు. అందుచేత, సహాయకులుగా ఉండే పిల్లలకు ప్రతిరోజూ ఒక అరగంట, మిగతా పిల్లలు రాకముందో వెళ్లిన తర్వాతో, బైబిలు తెరిచి కూర్చునే సమయం తప్పకుండా ఉంచండి. దానికి మీలో అందరికంటే అనుభవమున్నవారిని నియమించండి, మిగిలిపోయినవారిని కాదు.

భద్రత గురించి కొద్ది మాటల్లో చెబుతాను, ఇందులో చర్చకు చోటు లేదు. పెద్దపిల్లలు సహాయకులే గాని సంరక్షకులు కారు. ఏ జట్టు దగ్గరైనా ఇద్దరు పెద్దలు, వీలైతే ఒకే కుటుంబానికి చెందనివారు, ఉండాలి. పెద్ద పిల్లవాడిని గాని పెద్ద అమ్మాయిని గాని చిన్నబిడ్డతో ఒంటరిగా గదిలో ఉంచకూడదు, మరుగుదొడ్డికి తోడుగా పంపకూడదు. తలుపులు తెరిచే ఉంచండి. ఇది ఎవరి మీదా అనుమానంతో చెబుతున్న మాట కాదు. ఇద్దరు పిల్లలకూ, చిన్నవారికీ పెద్దవారికీ కూడా, ఇదే రక్షణ.

మరి రోజు ఎలా నడపాలి? పిల్లలు వచ్చి చేరడం, పాటలు, అభినయ గీతాలు, ప్రార్థన, కంఠత వాక్యం, చిరుతిండి, ఇవన్నీ కలగలుపు జట్లలో జరగాలి. బైబిలు కథకు లేచి వయసు వారీ గదులకు వెళ్లాలి, మళ్లీ జట్టుకు తిరిగి రావాలి. తిరిగి వచ్చిన తర్వాత ఐదు నిమిషాలు, ఎవరు ఏం విన్నారో ఒకరికొకరు చెప్పుకోవాలి. ఈ ఐదు నిమిషాలను దయచేసి ఎగరగొట్టకండి. చిన్నది చేప గురించి చెబుతుంది, పెద్దవాడు యోనా కోపం గురించి చెబుతాడు, ఒకే కథ ఇంత పెద్దదని ఇద్దరికీ తెలుస్తుంది. చేతిపనుల విషయంలో నేను వయసు వారీ వైపే మొగ్గుతాను, ఎందుకంటే కత్తెర పట్టే చేతులు వేరు, పూసలు నోట్లో పెట్టుకునే వయసు వేరు. పరుగు పందెం, తోపులాట ఉండే ఆటలలో చిన్నవాళ్లకు దెబ్బలు తగులుతాయి కాబట్టి అక్కడా విడదీయండి. అందరూ చేతులు పట్టుకుని ఆడేవి, కలిసి కట్టేవి, కలిసి వెతికేవి అయితే కలిపే ఆడించండి. పాయింట్లు మాత్రం జట్టుకే ఇవ్వండి, ఒక్కొక్క బిడ్డకు ఇవ్వకండి. వ్యక్తిగత బహుమతి పెట్టిన మరుక్షణం పెద్దపిల్లలు చిన్నవారిని భారంగా చూడడం మొదలుపెడతారు.

మా సంఘం చిన్నది, పదిహేను మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు, ఇవన్నీ మాకు ఎలా అని మీలో కొందరు అనుకుంటున్నారు. మీకు ఇంకా సులభం. కథను అందరికీ కలిపి, చిన్నవారి భాషలో, పది నిమిషాల్లో చెప్పండి. ఆ తర్వాత ఒక టీచరు చిన్నవారిని తీసుకుని ఆ కథను బొమ్మగా గీయించాలి, మరొక టీచరు పెద్దవారితో బైబిలు తెరిచి అదే భాగాన్ని చదివి ప్రశ్నలకు సమయం ఇవ్వాలి. తరువాత అందరూ మళ్లీ ఒకచోటికి రావాలి. ఐదు స్థాయుల పుస్తకాలు కొనలేకపోయామని బాధపడనక్కరలేదు. ఒక మధ్యస్థాయి పుస్తకం, దానిని అటూ ఇటూ సర్దుకునే మనసు ఉంటే ఈ వారం నడుస్తుంది.

చివరగా ఒక పని చెప్పి ముగిస్తాను. మీరు ఎంత ఆలోచించి జట్లు వేసినా కొన్ని కుదరవు. కాబట్టి రెండో రోజు సాయంత్రం టీచర్లందరూ కూర్చుని హాజరు పట్టిక ముందు పెట్టుకుని, ఒక్కో పేరు చదువుతూ ఒకే ప్రశ్న అడగండి: ఈ రెండు రోజుల్లో ఈ బిడ్డ జట్టులో ఎవరితోనైనా మాట్లాడిందా? ఎవరికీ జవాబు తెలియని పేరు ఒకటైనా వస్తుంది. ఆ బిడ్డకు ఏ జట్టులో, ఎవరి పక్కన చోటు దొరుకుతుందో అక్కడే నిర్ణయించి, మర్నాడు ఉదయం పేర్లు పిలవకముందే ఆ జట్టులోని ఒక పెద్ద పిల్లకో పిల్లవాడికో చెప్పి, గేటు దగ్గర ఎదురువెళ్లి తీసుకురమ్మనండి.